అంతా సాపేక్షమేనా?

ఐన్‌స్టీన్ పేరు వినని విద్యార్థి మన కాలేజీలో ఉండడు. ఆయన చెప్పిందేమిటో నాలుగు ముక్కల్లో చెప్పగల విద్యార్థి ఎక్కడున్నాడో మాత్రం వెతుక్కోవాలి. ఈ మాట ఆర్ట్సు, కామర్సు మిత్రుల్ని దృష్టిలో పెట్టుకుని అనడం లేదు. లోరెంజ్ సమీకరణాల్ని పది మార్కుల ప్రశ్నగా బట్టీపట్టి, పరీక్ష హాలు గుమ్మం దాటగానే అక్కడే వదిలేసి వచ్చే మా ఫిజిక్సు సోదరుల్ని దృష్టిలో పెట్టుకునే అంటున్నాను.

మన మధ్య సాపేక్ష సిద్ధాంతం రెండు వేషాల్లో తిరుగుతోంది. మొదటిది హాస్టల్ వేషం. మెస్సులో ఏ వాదన మొదలైనా సరే, సినిమా మీదగాని, ఎన్నికల మీదగాని, న్యాయాన్యాయాల మీదగాని, వాదనలో వెనకబడ్డవాడు చివరికి "అంతా రిలేటివ్ గురూ! ఐన్‌స్టీనే చెప్పాడు" అని చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. రెండోది వేదిక వేషం. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి మైకు ముందు నిలబడి, "కాలం ఒక్కొక్కరికి ఒక్కో రకంగా నడుస్తుందని పడమటివాళ్ళు 1905లో కనుక్కున్నారు, రైవతుడి కథలో మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు" అంటారు. హాలంతా చప్పట్లు. మేమూ కొడతాం. బయటికొచ్చాక నిజమేనా అని ఒకరినొకరం అడుక్కోం.

ఈ రెండు వేషాల మీదా నాకు అభ్యంతరం ఉంది. ఎందుకో చెప్పడానికి సావనీర్ సంపాదకులు ఇచ్చిన ఈ పేజీల్ని వాడుకుంటున్నాను. నా వాదన సారాంశం ముందే చెప్పేస్తాను. కాలం సాగుతుంది, కుంచించుకుపోతుంది అని ఊహించడం గొప్ప సంగతి కాదు. కథలు చెప్పే జాతులన్నీ ఆ ఊహ చేశాయి. అది దేనిమీద ఆధారపడి మారుతుంది? ఎంత మారుతుంది? నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబివ్వడమే గొప్ప. ఆ మూడు ప్రశ్నలు అడగడం మనకు అలవాటు కాకపోతే, ఫిజిక్సులో వచ్చిన ఫస్టుక్లాసు గోడకు తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ముందు హాస్టల్ వేషం సంగతి చూద్దాం. ఐన్‌స్టీన్ అంతా సాపేక్షమని చెప్పలేదు. ఆయన సిద్ధాంతం మొదలయ్యేదే సాపేక్షం కాని రెండు విషయాలతో. సమవేగంతో పోయే వాళ్ళందరికీ ప్రకృతి నియమాలు ఒక్కటే అన్నది మొదటిది. శూన్యంలో కాంతివేగం వాళ్ళందరికీ ఒక్కటే అన్నది రెండోది. ఈ రెండూ కదలకుండా నిలవడం కోసమే కాలం, పొడవు కదలవలసి వచ్చింది. అంటే మనవాడు మెస్సులో చెప్పిన దానికి ఇది దాదాపు తలకిందులు.

పరీక్ష హాల్లో చివరి పది నిమిషాలు పరుగెత్తడం, మెస్సు బయట క్యూలో పది నిమిషాలు గంటలా తోచడం కూడా ఐన్‌స్టీన్ చెప్పిన సాపేక్షత కాదు. అది మనస్సుకు సంబంధించిన వ్యవహారం. గోడమీది గడియారానికి దానితో నిమిత్తం లేదు. సాపేక్ష సిద్ధాంతం మాట్లాడేది గడియారాల గురించి.

కాంతి ఎక్కడికైనా క్షణంలో చేరిపోతుందని ఒకప్పుడు చాలామంది పండితులు నమ్మారు. గురుగ్రహం చుట్టూ తిరిగే అయో అనే చంద్రుడి గ్రహణాలు ఒకసారి ముందుగా, ఒకసారి ఆలస్యంగా కనబడటం గమనించి, కాంతి ప్రయాణానికీ కొంత కాలం పడుతుందని 1676లో రోమర్ చూపించాడు. ఆ వేగం ఈనాడు మనకు సెకనుకు 2,99,792.458 కిలోమీటర్లు. 1983 నుంచి ఇది కొలిచి తెలుసుకునే అంకె కూడా కాదు. ఈ అంకెను స్థిరపరిచి, మీటరు పొడవునే దీన్నిబట్టి నిర్వచించారు.

అసలు చిక్కు ఈ వేగం ఎంత అన్నది కాదు, ఎవరి లెక్కలో అన్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే రైల్లో మనం గంటకు 5 కిలోమీటర్ల చొప్పున ముందుకు నడిస్తే, ప్లాట్‌ఫారం మీదివాడి లెక్కలో మన వేగం 65. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది కదా, ఆ కూడికా తీసివేతా కాంతిలోనూ కనబడాలి అనుకున్నారు. 1887లో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అమెరికాలో ఎంతో సున్నితమైన పరికరంతో ఆ తేడా కోసం వెతికారు. ఆశించిన తేడా దొరకలేదు. పద్ధెనిమిదేళ్ళ తరవాత, స్విట్జర్లాండులో బెర్న్ నగరంలో పేటెంటు ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటున్న ఇరవై ఆరేళ్ళ కుర్రవాడు, కాంతివేగం అందరికీ ఒక్కటే అని ఒప్పేసుకుని, అక్కడినుంచి లెక్క మొదలుపెడితే ఏమవుతుందో చూశాడు.

ఏమవుతుందో మనమూ చూడొచ్చు. దీనికి ఎమ్మెస్సీ అక్కరలేదు, పదో తరగతి లెక్కలు చాలు.

ఒక రైలు పెట్టెలో నేలమీద ఒక అద్దం, పైకప్పుకు ఒక అద్దం బిగించామనుకోండి. వాటి మధ్య కాంతి కిందికీ పైకీ తిరుగుతూ ఉంటుంది. ఒక్కొక్క ప్రయాణం గడియారంలో ఒక టిక్కు. పెట్టెలో కూర్చున్నవాడికి కాంతి నిట్టనిలువుగా పైకి పోతుంది. ప్లాట్‌ఫారం మీదివాడి లెక్క వేరు. కాంతి పైకప్పుకు చేరేలోగా రైలు ముందుకు జరిగింది కాబట్టి, అతని దృష్టిలో కాంతి ఏటవాలుగా పోయింది. ఏటవాలు దారి నిలువు దారికన్నా పొడవు. కాంతికి బదులు బంతి అయితే పేచీ లేదు. రైలు వేగం కూడా బంతికి కలిసింది, పొడుగు దారిని ఎక్కువ వేగంతో దాటింది, కాలం ఇద్దరికీ ఒక్కటే అని సర్దేస్తాం. కాంతికి ఆ వెసులుబాటు లేదు. దాని వేగం ఇద్దరికీ ఒక్కటే. దారి పెరిగింది, వేగం పెరగలేదు. ఇక పెరగాల్సింది కాలమే.

ఎంత పెరగాలి? రైలు కాంతివేగంలో అయిదింట మూడు వంతుల వేగంతో పోతోందనుకోండి. కాంతి ఏటవాలుగా 5 పాళ్ళు నడిచేసరికి రైలు ముందుకు 3 పాళ్ళు జరుగుతుంది. లంబకోణ త్రిభుజంలో కర్ణం 5, భుజం 3 అయితే రెండో భుజం 4 అని మనం స్కూల్లోనే చదువుకున్నాం. ఆ 4 పెట్టెలోని నిలువు దారి. అంటే ప్లాట్‌ఫారం లెక్కలో 5 సెకన్లు గడిచేసరికి రైల్లోని గడియారం మీద 4 సెకన్లే గడుస్తాయి. పుస్తకంలో వర్గమూలం గుర్తు కింద భయపెట్టే సూత్రం ఈ త్రిభుజమే. కాల వ్యాకోచం అన్నా, టైమ్ డైలేషన్ అన్నా ఇంతే.

మరి మనం ఎక్కే రైళ్ళ మాటేమిటి? సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పన్నెండు గంటలు ప్రయాణం చేశామనుకుందాం. భూభ్రమణాన్ని పక్కన పెట్టి లెక్క వేస్తే, మన చేతి గడియారం స్టేషన్ గడియారంకన్నా వెనకబడేది ఒక సెకనులో వెయ్యికోట్లవ వంతు కూడా కాదు. మన అనుభవంలో ఈ సంగతి తగలకపోవడానికి కారణం అదే. అనుభవంలో తగలకపోయినంత మాత్రాన అబద్ధం కాదు, తగలలేదు కాబట్టి ఏదైనా చెప్పొచ్చు అనీ కాదు.

ఇంకో పేచీ ఉంది. రైల్లోవాడి దృష్టిలో కదులుతున్నది ప్లాట్‌ఫారం. కనక అతని లెక్కలో నెమ్మదించేది ప్లాట్‌ఫారం గడియారం. ఎవరు రైటు? ఇద్దరూ రైటే. సమవేగంతో విడిపోతూ ఉన్నంతకాలం ఆ తగువు తీర్చడానికి పెద్దమనిషి లేడు. ఒకడు వెనక్కి తిరిగి వచ్చి రెండు గడియారాలూ పక్కపక్కన పెట్టినప్పుడు తేడా తేలుతుంది. దిశ మార్చుకుని తిరిగొచ్చినవాడిదే తక్కువ. ఇందాకటి వేగంతోనే అయిదేళ్ళు వెళ్ళి అయిదేళ్ళలో తిరిగొస్తే, ఇంట్లో ఉన్నవాడికి పదేళ్ళు, వచ్చినవాడికి ఎనిమిదేళ్ళు.

సరిగ్గా ఇక్కడే వేదికమీది పెద్దమనిషి రైవతుణ్ణి తీసుకొస్తారు. కథ మీ అందరికీ తెలిసిందే. భాగవతం నవమ స్కంధంలో ఉంది. రైవతుడు తన కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ గంధర్వ గానం జరుగుతోంది. అది అయ్యేదాకా ఆగి అడుగుతాడు. బ్రహ్మ నవ్వి, నువ్వనుకున్న వరులు, వాళ్ళ కొడుకులు, మనవలు కూడా ఎప్పుడో పోయారు, భూమి మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయి, పోయి నీ కూతుర్ని బలరాముడికివ్వు అంటాడు.

ఈ కథ నాకెంతో ఇష్టం. అందుకే దాన్ని సరదాగా కొట్టిపారేయకుండా నా మూడు ప్రశ్నలూ పెట్టి చూశాను.

కాలంలో తేడా దేనివల్ల వచ్చింది? బ్రహ్మలోకంలో ఉండటంవల్ల. రైవతుడు ఎంత వేగంతో వెళ్ళాడన్న ప్రసక్తి కథలో లేదు, కాంతి ప్రసక్తి అసలే లేదు. ఎంత తేడా? దీనికి మాత్రం పురాణంలో చక్కని లెక్క ఉంది. బ్రహ్మకు ఒక పగలు వెయ్యి మహాయుగాలు. పగటికి ముప్ఫై ఘడియలు. కనక ఇరవై ఏడు మహాయుగాలంటే బ్రహ్మ లెక్కలో ఒక ఘడియకు కాస్త తక్కువ, మన గడియారంలో పందొమ్మిది నిమిషాల చిల్లర. ఒక పాట కచేరీలో ఒక కీర్తన విస్తారంగా పాడటానికి పట్టే వ్యవధి! అంకె ఏదో నోటికొచ్చినట్టు వేసింది కాదు, పెద్ద లెక్కలో సరిగ్గా ఇమిడేలా ఉంది. ఇది చూసి నేను నిజంగా సంతోషించాను. అయితే, ఈ లెక్క బ్రహ్మకూ మనకూ మధ్య ఒకేసారి ఖరారైపోయిన నిష్పత్తి. వేగం పెరిగితే పెరిగేదీ, తగ్గితే తగ్గేదీ కాదు. ఇక మూడో ప్రశ్న: ఎలా తేల్చుకోవాలి? కథ ఆ బాధ్యత తీసుకోలేదు, తీసుకోవాల్సిన అవసరమూ లేదు. కూతురి పెళ్ళికోసం తిరిగే తండ్రి కళ్ళముందే తన కాలం దాటిపోయిందన్న విషాదాన్ని చెప్పడం దాని పని. ఆ పని అది పూర్తిగా చేసింది.

"వేగంవల్ల కాకపోతే గురుత్వాకర్షణవల్ల అనుకోవచ్చుగా" అని ఒక మిత్రుడు అన్నాడు. గురుత్వాకర్షణవల్ల కూడా గడియారాలు మారతాయి, నిజమే. కానీ ఫలితం తెలిశాక కథలోంచి సిద్ధాంతం తీయడం ఎవరికైనా తేలికే. జపానువాళ్ళకు ఉరషిమా కథ ఉంది. సముద్రగర్భంలోని కోటలో కొద్దిరోజులు గడిపి ఇంటికొచ్చిన జాలరికి ఊళ్ళో వందల ఏళ్ళు దాటిపోయి కనబడతాయి. అమెరికన్ రచయిత ఇర్వింగ్ 1819లో ప్రచురించిన కథలో రిప్ వాన్ వింకిల్ ఇరవై ఏళ్ళు నిద్రపోయి లేస్తాడు. ఇవి చూపించి సాపేక్ష సిద్ధాంతం మాదేనని వాళ్ళెవరైనా అంటే మనం నవ్వమా?

ఇక సిద్ధాంతం తన మెడను కత్తి కింద ఎలా పెట్టుకుందో చూడండి. ఆకాశంలోంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలి పైపొరల్ని ఢీకొన్నప్పుడు మ్యూయాన్లనే కణాలు పుడతాయి. ఇవి నిలకడగా ఉన్నప్పుడు సగటున 2.2 మైక్రోసెకన్లు బతుకుతాయి. అంత కాలంలో కాంతి కూడా 660 మీటర్లకు మించి పోలేదు. ఇవి పుట్టేదేమో పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తున. న్యాయంగా అయితే నేల చేరేవి దాదాపు ఉండకూడదు. కానీ ఈ పేజీ చదువుతున్న మీ అరచేతి మీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ నిమిషానికి సుమారు ఒకటి చొప్పున పడుతూనే ఉన్నాయి.

1963లో ఫ్రిష్, స్మిత్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు దీన్ని లెక్కపెట్టి ప్రచురించారు. సుమారు 1,900 మీటర్ల ఎత్తున్న మౌంట్ వాషింగ్టన్ మీద, ఒక నిర్దిష్ట వేగంతో వచ్చే మ్యూయాన్లు గంటకు 563 వచ్చాయి. కాంతివేగానికి రమారమి సమానమైన ఆ వేగంతో కొండ ఎత్తు దిగడానికి 6.4 మైక్రోసెకన్లు పడుతుంది. కాలం అందరికీ ఒక్కటే అయితే సముద్రమట్టానికి చేరేవి గంటకు ముప్ఫైకి అటూ ఇటూ ఉండాలి. చేరినవి నాలుగు వందల పైమాటే. మ్యూయాన్ గడియారం సుమారు తొమ్మిది రెట్లు నెమ్మదిగా నడిచిందన్నమాట. మ్యూయాన్ వైపునుంచి చూస్తే దాని గడియారం బాగానే ఉంది. కొండే కుంచించుకుపోయి రెండు వందల మీటర్ల చిల్లరకు దిగింది. రెండు లెక్కలకూ జవాబొక్కటే. చూశారా, దృష్టి మారవచ్చు గాని నేలకు చేరిన మ్యూయాన్ల సంఖ్య మీద తగువు లేదు. అంతా రిలేటివ్ అనే మిత్రుడు గుర్తుంచుకోవాల్సింది ఈ సంఖ్యనే.

1971లో హాఫెలే, కీటింగ్ అనేవారు సీజియం గడియారాల్ని మామూలు ప్రయాణికుల విమానాల్లో పెట్టుకుని ప్రపంచం చుట్టి వచ్చారు. తూర్పుగా తిరిగినవి ఇంటిదగ్గర ఉన్న గడియారాలకన్నా సుమారు 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరగా తిరిగినవి సుమారు 273 నానోసెకన్లు ముందుకు పోయాయి. వేగం, భూభ్రమణం, ఎత్తు మూడూ కలిపి వేసిన లెక్కతో ఇవి కొలతలోని అనుమానం మేరకు సరిపోయాయి. ఇప్పుడు మన ఫోన్లకు దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు వేగంవల్ల రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి, ఎత్తువల్ల సుమారు 45 ముందుకు పోతాయి. నికరంగా 38 ముందు. అంత కాలంలో కాంతి పదకొండు కిలోమీటర్లు దాటిపోతుంది. సరిదిద్దకుండా వదిలేస్తే దూరాల లెక్క రోజుకు ఆ మేరకు చెడుతుంది. మన దేశపు నావిక్ వ్యవస్థకు 2013 జూలైలో శ్రీహరికోటనుంచి మొదటి ఉపగ్రహాన్ని పంపారు. ఈ దిద్దుబాటు దానికీ తప్పదు.

సిద్ధాంతం ఓడిపోయిందేమోనన్న సందర్భమూ వచ్చింది. 2011 సెప్టెంబరులో యూరప్‌లోని ఒపెరా ప్రయోగం వాళ్ళు, సెర్న్‌నుంచి 730 కిలోమీటర్ల దూరంలోని ఇటలీ ప్రయోగశాలకు న్యూట్రినోలు కాంతికన్నా 60 నానోసెకన్లు ముందు చేరినట్టు కనబడుతోంది, ఎక్కడ పొరపాటో మాకు దొరకలేదు, మీరూ చూడండి అని ప్రకటించారు. ఎవరూ ఐన్‌స్టీన్ మనోభావాలు దెబ్బతిన్నాయని ఊరేగింపు తీయలేదు. 2012లో ఒక ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదని తేలింది. పక్కనే ఉన్న ఇంకో ప్రయోగం కొలిచి చూస్తే న్యూట్రినోలు కాంతిని మించలేదు. ఓడిపోయే వీలు ఉంచుకుని గెలవడం అంటే ఇది. మన వేదికమీది వాదానికి లోపించింది ఇదే. అది ఓడిపోయే వీలే లేదు, కనక గెలిచిందనడానికీ అర్థం లేదు.

దేశాభిమానం వద్దంటున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఈ సిద్ధాంతంలో మనవాళ్ళ పేరు వెతకాలంటే 1920కి వెళ్ళండి. కలకత్తా యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో పనిచేసిన సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహా అనే ఇద్దరు యువకులు ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీల మూల వ్యాసాల్ని జర్మన్‌నుంచి ఇంగ్లీషులోకి అనువదించి పుస్తకంగా తెచ్చారు. మహలనోబిస్ దానికి చారిత్రక పీఠిక రాశారు. ఇంగ్లీషువాళ్ళకే ఇంగ్లీషులో ఆ మూల వ్యాసాల పుస్తకం లేని రోజులవి. మాకిది ముందే తెలుసు అని వాళ్ళు కూర్చోలేదు. జర్మన్ నేర్చుకున్నారు, లెక్క చేశారు. సాహా తన అయనీకరణ సమీకరణాన్ని అదే 1920లో ప్రకటించారు. బోస్ 1924లో పంపిన వ్యాసాన్ని ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్‌లోకి మార్చి అచ్చువేయించారు. గర్వపడటానికి ఇంతకంటే ఏం కావాలి?

కనక నా కోరికలు మూడే. మొదటిది లెక్చరర్లకు. సూత్రం బోర్డుమీద రాసేముందు ఆ 3, 4, 5 త్రిభుజం గీయండి, తెలుగులో ఒకసారి చెప్పండి. ఉత్పాదించుము అనే ప్రశ్న పక్కన, ఈ మ్యూయాన్ నేల చేరుతుందా అనే ప్రశ్న ఒకటి పేపర్లో వెయ్యండి. రెండోది పూర్వ విద్యార్థులకు. మ్యూయాన్లను లెక్కపెట్టే చిన్న కౌంటర్లు ఇప్పుడు డిగ్రీ విద్యార్థులు కూడా తయారు చేస్తున్నారు. వార్షికోత్సవానికి ఇచ్చే చందాలో ఒక భాగం మన లేబొరేటరీకి అలాంటి కౌంటరు రావడానికి ఇవ్వండి. ఆకాశంలోంచి దిగే కణాన్ని ఒక్కసారి తన చేత్తో లెక్కపెట్టిన విద్యార్థి ఆ సూత్రాన్ని ఇక మరిచిపోడు.

మూడోది మనకే. ఈసారి సెమినార్లో ఎవరైనా పెద్దలు అదంతా మన దగ్గర ఎప్పుడో ఉంది అన్నప్పుడు, చప్పట్లు కొట్టినా సరే, అయ్యాక ఒకరు లేచి మర్యాదగా అడగండి: "అయ్యా, దేనిమీద ఆధారపడుతుంది? ఎంత? ఎలా తేల్చుకుంటాం?" మెస్సులో అంతా రిలేటివ్ అన్న మిత్రుణ్ణీ అవే అడగండి. జవాబు వస్తే నేర్చుకుందాం. రాకపోతే, రైవతుడి కథను కథగానే మళ్ళీ ఒకసారి చదువుకుందాం. దానికి మన ఫిజిక్సు డిపార్టుమెంటు సర్టిఫికెట్ అక్కరలేదు.